డొమైన్ పేర్ల పాలనలో మామూలు వాడుకరి మాట: నల్లగొండ, పాలమూరు మిత్రుల కోసం సమగ్ర మార్గదర్శి

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో నెట్ సెంటర్ నడుపుతున్నాను. కొంతకాలంగా ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "వెబ్‌సైట్ పేర్ల రూల్స్ ఎక్కడో అమెరికాలో చేస్తరట గదా, అందులో మనలాంటోళ్ళు ఎట్ల మాట్లాడాలె?" వాళ్ళడిగేది ఐకాన్ గురించి. వెబ్‌సైట్ పేర్లకు, అంటే డొమైన్ పేర్లకు, నియమాలు చూసే అంతర్జాతీయ సంస్థ అది. అడిగేవాళ్ళలో చేనేత సంఘం కార్యదర్శి ఉన్నాడు, దేవరకొండ నుంచి వచ్చే డిగ్రీ పిల్లలున్నారు, నారాయణపేటలో చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక అక్క ఉంది. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, చేయాల్సిన పనులన్నీ వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

అందులో మామూలు వాడుకరిగా చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరి సిఫారసూ అక్కర్లేదు. వారానికి రెండు మూడు గంటల టైమ్, ఇంగ్లీషు కాగితం చదవగల మనిషి ఒకరు, ఓపిక ఉంటే చాలు. అయితే "మేము" అని మాట్లాడే ముందు ఆ "మేము"లో ఎవరెవరున్నారో తేల్చుకోవాలి. నేను ఎక్కువసేపు నిలబడేది అక్కడే.

## 1. ముందుగా మూడు మాటలు విడదీసుకోండి

రిజిస్ట్రీ, రిజిస్ట్రార్, రిజిస్ట్రెంట్. ఫోన్‌లో అనువాదం చేయిస్తే ఈ మూడూ కలగాపులగమై వస్తాయి. ఇక్కడ తప్పితే తర్వాత రాసే ప్రతి కాగితమూ తప్పుతుంది. భూమి లెక్కలో చెప్తే తేలిగ్గా గుర్తుంటుంది.

- రిజిస్ట్రీ: డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి ఒక తోక కింద ఉన్న పేర్లన్నిటి అసలు పుస్తకం ఉంచే సంస్థ. ఊరి పహాణీ అంతా దగ్గర పెట్టుకున్న ఆఫీసు అనుకోండి.
- రిజిస్ట్రార్: మనకు పేరు అమ్మి, ఆ పుస్తకంలో ఎక్కించే కంపెనీ.
- రిజిస్ట్రెంట్: పుస్తకంలో పేరున్న మనిషి. అంటే పట్టాదారు.

ఇక నాలుగోవాడు మనం, వాడుకరి. ఏటేటా డబ్బు కడుతూ, ఆ పేరు మీదే వ్యాపారం చేసుకుంటూ, పుస్తకంలో మాత్రం ఎక్కడా కనిపించని వాళ్ళున్నారు. కౌలు రైతు పరిస్థితి లాంటిదే ఇది. పేరు కొనకుండా రోజూ సైట్లు తెరిచి చదివేవాళ్ళూ వాడుకరులే. ఐకాన్‌లో మన కోసం పెట్టిన కుర్చీలు ఈ నాలుగోవాడివి.

## 2. మీ సమస్య ఏ గడపదో తేల్చుకోండి

చండూరు వైపు ఒక చేనేత సంఘం ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌ను ఒక డిజైనర్ చేసిపెట్టాడు. సంఘం ఏటా డబ్బు కడుతూనే వచ్చింది. ఒక ఏడాది అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. రెండు నెలలకు ఎవరో కొనుగోలుదారు ఫోన్ చేసి, "మీ సైట్ తెరిస్తే పేకాట యాడ్స్ వస్తున్నయేంది?" అని అడిగితే గానీ సంగతి తెలియలేదు. వెతికి చూస్తే పేరు మొదటి నుంచీ డిజైనర్ మెయిల్ మీదే ఉంది. గడువు తీరిందన్న నోటీసులు అతనికే వెళ్ళాయి. పేరు జారిపోయి ఇంకెవరి చేతిలోనో పడింది. మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన నన్ను అడిగాడు: "పేరు మాది, పైసలు మావి. పట్టా ఆయనది ఎట్లయింది బిడ్డా?"

వాళ్ళు వెంటనే ఐకాన్‌కు అర్జీ పెడదామన్నారు. కానీ ఆ పేరు డాట్ ఇన్‌ది. ఆ గడప వేరు. అందుకే పేరు చివర ఏముందో చూడటం మొదటి పని.

- డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ షాప్ లాంటివి: ఐకాన్ ఒప్పందాల కింద నడుస్తాయి. ముందు రిజిస్ట్రార్‌కు రాయాలి. అక్కడ ఒప్పందం ప్రకారం పని జరగకపోతే ఐకాన్‌లోని ఒప్పందాల అమలు విభాగానికి ఫిర్యాదు చేయాలి.
- డాట్ ఇన్, .భారత్: ఇవి దేశం తోకలు. వీటి రిజిస్ట్రీ మన దేశంలోని నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. పేరు మీద తగాదా వస్తే దానికి సొంత మధ్యవర్తిత్వ పద్ధతి ఉంది, దాన్ని ఐఎన్‌డీఆర్‌పీ అంటారు.
- మోసం లింకు వల్ల డబ్బు పోతే: ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయండి. పాలసీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.
- సైట్‌లో రాసిన మాటలు, బొమ్మల మీద అభ్యంతరమైతే: ఐకాన్ ఆ పనిలో వేలు పెట్టదు. అక్కడ ఎంత రాసినా వృథా.

డాట్ కామ్ లాంటి పేర్లతో ఫిషింగ్, అంటే దొంగ సైటు చూపించి పాస్‌వర్డ్, డబ్బు కాజేయడం, జరుగుతుంటే ఒక దారి ఉంది. 2024 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పంద సవరణల ప్రకారం, సరైన ఆధారం చూపిస్తే రిజిస్ట్రార్ ఆ మోసాన్ని ఆపడానికో అడ్డుకోవడానికో చర్య తీసుకోవాలి. ఆధారమంటే పూర్తి లింకు, స్క్రీన్‌షాట్, మెసేజ్ వచ్చిన తేదీ, టైమ్. "అది దొంగ సైటు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ కదలరు.

ఇంకొకటి కూడా విడదీయాలి. సంఘం పోగొట్టుకున్న పేరు ఒక కేసు. నోటీసులు పట్టాదారుకే వెళ్ళి, అసలు వాడుకునేవాళ్ళకు వెళ్ళకపోవడం ఒక నియమం. కేసు అయితే ఫిర్యాదు గడపకు, నియమం అయితే పాలసీ గడపకు వెళ్ళాలి. రెండూ కలిపి ఒకే కాగితంలో రాస్తే రెండు చోట్లా పక్కన పెట్టేస్తారు.

## 3. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో తెలుసుకోండి

ఐకాన్ బోర్డులో ఓటున్న డైరెక్టర్లు 16 మంది. వాళ్ళలో మామూలు వాడుకరుల వైపు నుంచి ఎంపికయ్యేది ఒక్కరు.

వాడుకరుల గూడు పేరు ఎట్ లార్జ్. దాని తరఫున మాట్లాడే కమిటీని అలాక్ అంటారు. అందులో 15 మంది. ప్రపంచాన్ని అయిదు ప్రాంతాలుగా చేసి, ఒక్కో ప్రాంతీయ సంఘం ఇద్దరిని పంపుతుంది. మిగిలిన అయిదుగురిని, ప్రాంతానికి ఒకరు చొప్పున, నామినేటింగ్ కమిటీ ఎంపిక చేస్తుంది. మన దేశం ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ ప్రాంతంలో ఉంది. మన ప్రాంతీయ సంఘం పేరు ఏప్రాలో.

ఇక్కడే ఒక లోటు ఉంది, అది తెలిసే లోపలికి వెళ్ళాలి. ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఉన్న మన ప్రాంతానికి 15లో 3 కుర్చీలు. అమెరికా, కెనడాలున్న ఉత్తర అమెరికా ప్రాంతానికీ 3. పైగా అలాక్ ఇచ్చే సలహాను బోర్డు పాటించి తీరాలని లేదు. ఐకాన్‌లో దేశాల ప్రభుత్వాలు కూర్చునే కమిటీ ఏకాభిప్రాయంతో సలహా ఇస్తే మాత్రం, దాన్ని కాదనడానికి బోర్డులో 60 శాతం ఓట్లు కావాలి. ఆ తేడా చిన్నది కాదు.

అలాగని చేతులు కట్టేసి లేవు. బడ్జెట్‌ను తిప్పికొట్టడం, డైరెక్టర్లను తొలగించడం లాంటి అధికారాలున్న అయిదు పక్షాల్లో అలాక్ ఒకటి.

వాణిజ్యంతో సంబంధం లేని వాడుకరులకు ఎన్‌సీయూసీ అనే ఇంకో గడప ఉంది. డాట్ కామ్ లాంటి తోకల నియమాలు తయారయ్యే జీఎన్‌ఎస్‌ఓలో అది భాగం. భావప్రకటన, వ్యక్తిగత సమాచారం మీ ప్రధాన చింత అయితే అక్కడికి వెళ్ళండి. మోసాలు, భాష, అందుబాటు మీ చింత అయితే ఏప్రాలో మేలని నా అనుభవం.

## 4. ఇంట గెలవండి: మీ "మేము"ను తయారుచేసుకోండి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. చాలామంది నేరుగా రచ్చకెళ్తారు. ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక్కడు ఐకాన్ ఆన్‌లైన్ కాల్‌లో కూర్చుని "తెలంగాణ గ్రామాల తరఫున" అంటాడు. ఆ గ్రామాలకు ఆ సంగతే తెలియదు. న్యాయమైన ప్రాతినిధ్యం లేదని మనం ఐకాన్‌ను అడుగుతున్నాం. అదే తప్పు మన దగ్గర జరిగితే మాటకు బలం ఉండదు.

పది పదిహేను మందితో మొదలుపెట్టండి. మీసేవ ఆపరేటర్, నేతన్న, మిర్యాలగూడ రైస్ మిల్లు గుమస్తా, డిగ్రీ విద్యార్థి, మహిళా సంఘం లీడర్, స్క్రీన్ రీడర్‌తో ఫోన్ వాడే చూపులేని వ్యక్తి, ఫోన్ కొత్తగా నేర్చుకుంటున్న పెద్దమనిషి. ఒకే కులం, ఒకే వీధి, ఒకే కాలేజీ వాళ్ళతో గది నిండిపోకుండా చూసుకోండి.

నా మొదటి మీటింగ్ సాయంత్రం ఏడింటికి పెట్టాను. ఒక్క ఆడమనిషి రాలేదు. వంట టైమ్‌కు మీటింగ్ పెట్టి "ఆడవాళ్ళకు ఆసక్తి లేదు" అనుకున్నాను. తప్పు నాది. ఆదివారం పదకొండింటికి మార్చాక ఆరుగురు వచ్చారు, నాకు అందిన అతి మంచి ఫిర్యాదులు వాళ్ళవే. పాలమూరు వైపు ఇంకో సంగతి చూసుకోవాలి. ఇంటికొకరైనా వలసలో ఉంటారు. ముంబైలో, పూణేలో పనిచేసేవాళ్ళు ఇంటికి డబ్బు పంపేది ఫోన్‌లోనే, దొంగ లింకులు ఎక్కువగా తగిలేదీ వాళ్ళకే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాళ్ళనూ కూర్చోబెట్టండి.

"ఐకాన్ గురించి మీ అభిప్రాయం ఏంటి?" అని అడగకండి. ఎవరూ ఏమీ చెప్పలేరు, సిగ్గుపడి వెళ్ళిపోతారు. ఇలా అడగండి:

- ఈ ఆరు నెలల్లో ఏ లింకు నిజమైనదనుకుని నొక్కారు? ఏం చూసి నమ్మారు?
- మీ దుకాణం, సంఘం, బడి వెబ్‌సైట్ పేరు ఎవరి మెయిల్ మీద ఉంది? పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?
- తెలుగులో అడ్రస్ టైప్ చేస్తే ఏం జరిగింది?
- ఎక్కడైనా ఫిర్యాదు చేశారా? జవాబు వచ్చిందా? ఏ భాషలో?

జవాబులు వాళ్ళ మాటల్లోనే రాయండి. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకోండి: తేదీ, ఎవరు (పేరు వద్దు, పని చాలు), ఏం జరిగింది, మేం ఏం అడుగుదాం. అయిదో గడి ఒకటి ఖాళీగా వదలండి. దాని సంగతి చివర్లో.

## 5. చేరండి

సంఘం పెట్టకుండానే ఏప్రాలోలో వ్యక్తిగా చేరవచ్చు. ఎక్కువమందికి మొదట ఇదే సరైన దారి. సంస్థగా చేరాలంటే మీ సంస్థను ఎట్ లార్జ్ నిర్మాణంగా గుర్తించమని దరఖాస్తు చేయాలి. దాన్ని నడిపేది మామూలు వాడుకరులేనని వాళ్ళు చూస్తారు.

సంస్థ దరఖాస్తుకు ముందు చేతిలో ఉండాల్సినవి:

- సంఘం నిబంధనల ఇంగ్లీషు ప్రతి, రెండు పేజీలు మించకుండా
- సభ్యులు ఎంతమంది, నిర్ణయాలు ఎలా తీసుకుంటారు అన్నది అయిదారు లైన్లలో
- డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది
- బాధ్యుల ఇద్దరి మెయిళ్ళు (ఒకరికి పని పడితే రెండోవాళ్ళు చూడాలి)
- ఇంటర్నెట్ వాడుకరుల కోసం మీరు చేసిన పని ఒకటి రెండు

పదవుల్లోకి, పని బృందాల్లోకి వెళ్ళేటప్పుడు మీ ఉద్యోగం, ఆదాయం, సంబంధాలు చెప్పే ఆసక్తుల ప్రకటన నింపాలి. దీన్ని లాంఛనం అనుకోకండి. మీరు డొమైన్ పేర్లు కమీషన్ మీద అమ్మేవాళ్ళయితే అది రాయాల్సిందే. నేనూ నా సెంటర్‌లో వెబ్‌సైట్లు చేయించి పెడతాను, అది రాశాను. దాచి "వాడుకరి"నని కూర్చుంటే అసలు వాడుకరి కుర్చీ లాక్కున్నట్టే.

ఐకాన్ వాళ్ళ ఆన్‌లైన్ శిక్షణ సైటు ఐకాన్ లెర్న్‌లో కోర్సులు ఉచితం. మొదటి పరిచయ కోర్సు ఒక్కటి చేసి పనిలోకి దిగండి. అన్నీ అయ్యాక మొదలుపెడదామంటే ఎప్పటికీ మొదలుకాదు.

## 6. మనం తప్ప ఇంకెవరూ చెప్పలేని సంగతి ఎంచుకోండి

డొమైన్ ధరల మీద మాట్లాడేవాళ్ళు వందలమంది ఉన్నారు. ట్రేడ్‌మార్కుల మీద లాయర్లే ఉన్నారు. తెలుగు లిపి మీద, సరిహద్దు ఊళ్ళ అనుభవం మీద మాట్లాడగలిగింది మనమే. ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి.

తెలుగు, కన్నడ అక్షరాల పోలిక. మక్తల్, కృష్ణ, నారాయణపేట వైపు ఉన్నవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, రెండు లిపుల బోర్డులూ చదివే కళ్ళు వాళ్ళవి. మన ర, కన్నడ వాళ్ళ ర. మన ల, వాళ్ళ ల. మన బ, వాళ్ళ బ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద తేడా దొరకదు. కంప్యూటర్‌కు మాత్రం అవి వేరు వేరు అక్షరాలు. తెలుగులో ఉన్న ఒక బ్యాంకు పేరులాంటిదాన్ని కన్నడ అక్షరాలతో రిజిస్టర్ చేస్తే? రూట్ స్థాయిలో, అంటే చివరి తోక విషయంలో, ఈ పోలికలను పట్టుకునే నియమాలు ఉన్నాయి. నియో బ్రాహ్మీ ప్యానెల్ అనే నిపుణుల బృందం తెలుగు, కన్నడలతో సహా తొమ్మిది లిపులకు వాటిని తయారుచేసింది. చుక్కకు ఎడమవైపు ఉండే పేర్ల విషయం ఏ అక్షరాలు ఒప్పుకోవాలో ఆయా రిజిస్ట్రీలు పెట్టుకునే పట్టికల మీద ఆధారపడుతుంది. మీరు అడగాల్సిన ప్రశ్న అదే: ఫలానా రిజిస్ట్రీ తెలుగు పట్టికలో కన్నడ జంటలను ఆపే ఏర్పాటు ఉందా?

పొల్లు తర్వాత అక్షరం. "వెబ్‌సైట్" అని మనం రాసేటప్పుడు బ్, సై కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. రూట్ స్థాయి నియమాల్లో ఆ గుర్తుకు చోటు లేదు. అది తీసేస్తే "వెబ్సైట్" అవుతుంది. రాజ్‌కుమార్ "రాజ్కుమార్" అవుతాడు. భద్రత కోసం అలా చేశారు, ఆ కారణం సబబే. కానీ చదివేవాళ్ళకు ఎంత తికమక అవుతుందో చెప్పాల్సింది తెలుగు చదివేవాళ్ళే. పదిమందికి రెండు రూపాలూ చూపించి, ఏది ఎలా చదివారో రాసుకోండి.

తెలుగు అడ్రస్ ఒప్పుకోని ఫారాలు. .భారత్ తోక తెలుగులో ఉంది, కానీ దాంతో ఉన్న మెయిల్‌ను ఫారంలో కొడితే "సరైన మెయిల్ ఇవ్వండి" అని ఎర్ర అక్షరాలు వస్తాయి. దీన్ని సరిచేయించే పనిని యూనివర్సల్ యాక్సెప్టెన్స్ అంటారు. మీరు చేయగల పరీక్ష: కాలేజీ అడ్మిషన్, బస్ టికెట్, బ్యాంకు, కరెంటు బిల్లు, షాపింగ్ ఇలా పది ఫారాలు తీసుకోండి. ఒకే తెలుగు మెయిల్ అన్నిట్లో కొట్టండి. తేదీ, ఫోన్ మోడల్, బ్రౌజర్, ఏ మెసేజ్ వచ్చిందో రాసి, స్క్రీన్‌షాట్ ఉంచండి. ఇలాంటి పట్టిక ఒకటి ఇరవై పేజీల వాదన కంటే ఎక్కువ పనిచేస్తుంది.

## 7. కాగితం చదవడం

ఐకాన్ ఏదైనా నియమం మార్చే ముందు ముసాయిదాను పబ్లిక్ కామెంట్‌కు, అంటే అందరి అభిప్రాయం కోసం, పెడుతుంది. మామూలుగా 40 రోజులకు తక్కువ కాకుండా గడువు ఇస్తారు. కాగితం వంద పేజీలు ఉండొచ్చు. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే పదో పేజీలో నిద్రొస్తుంది. ఈ వరుసలో చదవండి:

1. గడువు తేదీ
2. సారాంశం
3. సిఫారసుల జాబితా
4. వాళ్ళు అడిగిన ప్రశ్నలు
5. మీ నోట్‌బుక్‌లోని సంగతులకు తగిలే సిఫారసు వెనుక ఉన్న కారణాలు

అయిదోది మాత్రమే నిదానంగా చదవాలి. మీకు తగిలే సిఫారసు ఒక్కటీ లేకపోతే ఆ కామెంట్ వదిలేయండి. అన్నిటి మీదా రాయాలని లేదు.

చదివినదాన్ని తెలుగులో అయిదు వాక్యాలు చేసి బృందానికి చెప్పండి. చెప్పలేకపోతే మీకే అర్థం కాలేదని లెక్క, మళ్ళీ చదవండి.

## 8. కామెంట్ రాయడం

ఒక పేజీ చాలు. మేమెవరం, ఏ సిఫారసు మీద, మా దగ్గర ఏం జరుగుతోంది, ఏ మార్పు కోరుతున్నాం. ఈ నాలుగు ముక్కలే.

ఇలా రాయకండి: "గ్రామీణ భారతదేశానికి తీవ్ర అన్యాయం జరుగుతోంది. ఐకాన్ వెంటనే స్పందించాలి."

ఇలా రాయండి: "మేం నల్లగొండ జిల్లాలో చిన్న వ్యాపారాలు, సంఘాలు నడిపేవాళ్ళం. మాలో ఇంతమందికి (మీ నోట్‌బుక్‌లోని అంకె వేయండి) వెబ్‌సైట్ ఉంది, అందులో ఇన్ని పేర్లు డిజైనర్ మెయిల్ మీద ఉన్నాయి. గడువుకు సుమారు నెల ముందు, వారం ముందు వెళ్ళాల్సిన నోటీసులు ఆ మెయిల్‌కే చేరుతున్నాయి. రెండో కాంటాక్టుకు కూడా నోటీసు పంపే వీలు కల్పించాలని, అది కొనేటప్పుడే అడగాలని కోరుతున్నాం."

రెండోదాంట్లో కోపం కనిపించదు. కానీ దాన్ని చదివినవాడు ఏం మార్చాలో వేలు పెట్టి చూపించగలడు.

ఇంగ్లీషులోకి మార్చాక ఒక పని తప్పకుండా చేయండి. ఆ ఇంగ్లీషును, మొదట తెలుగులో రాయని ఇంకొకరితో మళ్ళీ తెలుగులో చెప్పించండి. మా మొదటి కామెంట్‌లో రిజిస్ట్రార్ అనాల్సిన చోట రిజిస్ట్రీ పడింది, ఇలా చెప్పించుకున్నప్పుడే దొరికింది.

పంపే ముందు చూసుకోండి:

- సిఫారసు నంబరు రాశారా?
- "మేము" అంటే ఎంతమందో, ఎలా అడిగి తెలుసుకున్నారో ఉందా?
- ఒప్పుకోని సభ్యులు ఉంటే వాళ్ళ మాట ఒక లైను ఉందా?
- ఎవరి ఫోన్ నంబరు, అకౌంటు వివరాలు స్క్రీన్‌షాట్లలో కనిపించట్లేదు కదా? కామెంట్లు అందరికీ కనిపిస్తాయి.
- గడువు టైమ్ మన టైమ్‌లోకి మార్చారా?

చివరిది చాలామందిని ముంచింది. గడువు 23:59 యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు వాడే టైమ్) అని ఉంటుంది. మనం అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి అది మనకు మర్నాడు తెల్లవారి 5:29. మీటింగుల టైమ్ కూడా ఇదే లెక్క. ఏమైనా రెండు రోజుల ముందే పంపేయండి. ఆఖరి రాత్రి కరెంటు పోతే ఎవరినీ అనలేం.

గడువు ముగిశాక వచ్చిన కామెంట్ల మీద సిబ్బంది ఒక సారాంశ నివేదిక వేస్తారు. అందులో మీ మాట వెతకండి. వక్రంగా పడి ఉంటే మర్యాదగా, అసలు వాక్యం చూపించి, సరిచేయమని రాయండి.

## 9. కాల్స్, మీటింగులు

ఐకాన్ ఏటా మూడు పెద్ద బహిరంగ సమావేశాలు పెడుతుంది. 2016 నవంబరులో 57వ సమావేశం మన హైదరాబాదులోనే జరిగింది. ఎక్కడ జరిగినా ఆన్‌లైన్‌లో ఉచితంగా కూర్చోవచ్చు. ఇంగ్లీషుతో కలిపి ఆరు ఐక్యరాజ్యసమితి భాషల్లోకి అనువాదం ఉంటుంది, అన్ని సెషన్లకూ కాదు. ఆ ఆరింట్లో తెలుగు లేదు, హిందీ కూడా లేదు.

మొదటి రెండు కాల్స్ విని ఊరుకోండి. మూడోదాంట్లో మాట్లాడండి. చెప్పాల్సింది ముందే నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి. నెట్ ఆగితే అవే చాట్‌లో పెట్టొచ్చు. మన యాస గురించి టెన్షన్ వద్దు. ఆ కాల్స్‌లో జపాన్ నుంచి, ఫిజీ నుంచి, లెబనాన్ నుంచి మాట్లాడేవాళ్ళుంటారు, అందరి ఇంగ్లీషూ వాళ్ళ వాళ్ళ ఊరిదే. నిదానంగా మాట్లాడితే చాలు.

ప్రయాణ ఖర్చులు భరించే ఫెలోషిప్ ఉంది, 18 నుంచి 30 ఏళ్ళ విద్యార్థులకు నెక్స్ట్‌జెన్ అనే కార్యక్రమం ఉంది. వాటికి దరఖాస్తు చేసేటప్పుడు మీరు పంపిన కామెంట్లు, చేసిన పరీక్షలు చూపించండి. బృందం నుంచి ఎవరు దరఖాస్తు చేయాలో బృందమే చెప్పాలి. వెళ్ళివచ్చినవాళ్ళు పదిహేను రోజుల్లో తెలుగులో చెప్పాలి. ఈ షరతు ముందే పెట్టుకోకపోతే అది విమానం ఎక్కడం దగ్గరే ఆగిపోతుంది.

## 10. ఢిల్లీ గడప మరవకండి

ప్రభుత్వాల కమిటీలో మన దేశం తరఫున కూర్చునేది కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ. ఆ కమిటీ మాటకున్న బరువు పైన చెప్పాను. కాబట్టి ఐకాన్‌కు పంపిన కామెంట్ ప్రతిని శాఖకు కూడా పంపండి. డాట్ ఇన్, .భారత్ నియమాల సంగతి నిక్సీకి రాయండి. 2021 నుంచి జరుగుతున్న ఇండియా ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరమ్‌లో కూడా మాట్లాడొచ్చు. ఆ సభల్లో చిన్న ఊళ్ళ గొంతు చాలా తక్కువ.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

ఒకే కామెంట్ వందమంది పేర్లతో. వంద కాపీలు కలిసి ఒక్క అభిప్రాయంగానే నిలుస్తాయి. ముగ్గురు తమ సొంత అనుభవంతో మూడు వేరు కామెంట్లు రాస్తే అవి ఎక్కువ పనిచేస్తాయి.

ఒకే మనిషి ఏళ్ళ తరబడి. ఇది నేను కూడా చేశాను. ఇంగ్లీషు నాకు వచ్చు, కాల్ నేనే చూశాను, రెండేళ్ళకు నేను లేకపోతే పని ఆగే పరిస్థితి వచ్చింది. ఇప్పుడు ప్రతి కాల్‌కూ ఇద్దరం కూర్చుంటాం, నోట్స్ రాసేది రెండోవాళ్ళు. ఏడాది తిరిగేసరికి కుర్చీలు మారతాయి.

కంపెనీ ఖర్చుతో శిక్షణ. పేర్లు అమ్మే సంస్థ భోజనాలు పెట్టి మీటింగ్ జరుపుతామంటే ఆలోచించండి. తీసుకుంటే ఆ సంగతి కామెంట్‌లో రాయండి. రాయడానికి ఇబ్బందిగా అనిపిస్తే తీసుకోకండి.

జవాబు రాలేదని మానేయడం. పాలసీ పని సంవత్సరాలు పడుతుంది. బృందానికి ఆ మాట మొదటి రోజే చెప్పండి.

## 12. తిరిగి వచ్చి చెప్పండి

నోట్‌బుక్‌లో ఖాళీగా వదిలిన అయిదో గడి గుర్తుందా? దాని పేరు "వాళ్ళు ఏమన్నారు". మూడు నెలలకోసారి ఆదివారం పదకొండింటికి అందరినీ కూర్చోబెట్టి, ఎవరి సంగతి ఎంతవరకు వచ్చిందో ఆ గడిలో రాసి చదవండి. కామెంట్ పంపాం, సారాంశంలో వచ్చింది, రాలేదు, బోర్డు ఒప్పుకుంది, పక్కన పెట్టింది. ఏమీ జరగకపోతే "ఏమీ జరగలేదు" అని రాయండి.

మా దగ్గర ఆ గడిలో ఇంకా ఖాళీలే ఎక్కువ. నిరుడు చండూరు వైపు సంఘంలో చదివినప్పుడు పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగాడు: "గదంత సరే. కొత్త పేరు ఎవ్వరి మీద రాసిన్రు?" కార్యదర్శి లేచి బీరువా తీసి కవరు చూపించాడు. పేరు సంఘం మీద, మెయిల్ సంఘానిది, పాస్‌వర్డ్ కాగితం మినిట్స్ పుస్తకం పక్కనే, సీలు మీద ముగ్గురి సంతకాలు. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని మూడు సంతకాలూ చదివి, కవరు తిరిగి ఇచ్చి, రెన్యూవల్ తేదీ గోడ క్యాలెండర్ మీద కూడా రాయమన్నాడు.